మేడమ్, లారీ వాటా ఎంత?

మా కాలేజీ మెస్ గోడ మీద నేను అంటించిన పోస్టరు రెండు రోజులే పద్ధతిగా ఉంది. పచ్చటి భూగోళం, దాన్ని పట్టుకున్న రెండు చేతులు, కింద పెద్ద అక్షరాల్లో "దగ్గర్లో పండింది తిందాం, భూమిని కాపాడుకుందాం". మూడో రోజు పొద్దున చూస్తే భూగోళానికి మీసాలు మొలిచాయి. నాలుగో రోజుకి కళ్లజోడు కూడా వచ్చింది. వేసినవాళ్లెవరో గానీ చెయ్యి తిరిగినవాళ్లే, ఆ మాట ఒప్పుకోవాలి.

నేను చెప్పేది స్టాటిస్టిక్స్. ఇరవై రెండేళ్లుగా అదే పని. తిండి గురించి పోస్టర్లు అంటించేంత అర్హత నాకెలా వచ్చిందంటే, మెస్ కమిటీలో టీచర్ల తరఫున ఎవరో ఒకరు ఉండాలి. ఆ ఏడాది ఆ మీటింగుకి రానిది నేనొక్కదాన్నే కాబట్టి నా పేరు రాసేశారు. వారానికి రెండు పూటలు మెస్‌కి వెళ్లి, తిని, రిజిస్టర్లో సంతకం పెట్టాలి. అంతే. కానీ రెండో వారంలోనే చెయ్యి కడుక్కునే చోట ఉన్న నీలం బకెట్ నా కంట పడింది. పిల్లలు కంచాల్లో వదిలేసింది అందులో పడుతుంది. మధ్యాహ్నం రెండింటికి దాన్ని బయటికి తీసుకెళ్లడానికి ఇద్దరు మనుషులు కావాల్సి వచ్చింది. ఒకరు ముందు, ఒకరు వెనక, మధ్యలో రెండుసార్లు కింద పెట్టి ఊపిరి తీసుకుని మరీ మోశారు.

దాంతో నాలో ఉన్న ఉపన్యాసకురాలు మేలుకుంది. పోస్టరు తరవాత సెమినార్ హాల్లో ఒక సాయంత్రం మీటింగ్ పెట్టాను. "సుస్థిర ఆహారం, మన బాధ్యత" అని పేరు కూడా పెట్టాను. ఆ పేరు వింటే సగం మందికి నిద్రొస్తుందని, మిగతా సగం "పరీక్షలో వస్తుందా?" అని అడుగుతారని అప్పటికి నాకు తెలీదు. పదకొండు మంది వచ్చారు. అందులో నలుగురు బిస్కెట్ల కోసం వచ్చారని వాళ్లే తరవాత చెప్పారు. ఆ బిస్కెట్లు కూడా ఎక్కడో దూరాన తయారై ఒక్కొక్కటి విడిగా ప్లాస్టిక్‌లో చుట్టుకుని వచ్చినవి. ఆ విషయం కూడా వాళ్లే చెప్పారు.

నేను మాత్రం జోరుగా చెప్పుకుపోయాను. మన కంచంలోకి వచ్చేది ఎన్ని వందల కిలోమీటర్లు తిరిగి వస్తోంది, లారీలు ఎంత డీజిల్ తాగుతున్నాయి, అది గాల్లోకి ఎంత పొగ వదులుతోంది... తిండి మనదాకా ప్రయాణించే దూరాన్ని చెప్పే "ఫుడ్ మైల్స్" అనే మాటను 1990లలో బ్రిటన్‌లో టిమ్ లాంగ్ అనే ప్రొఫెసర్ వాడుకలోకి తెచ్చారని కూడా చెప్పాను. అప్పుడు వెనక బెంచీలోంచి రెండో సంవత్సరం అమ్మాయి ఒకరు చెయ్యెత్తింది.

"మేడమ్, మొత్తం కాలుష్యంలో లారీ వాటా ఎంత?"

"చాలా ఎక్కువ" అన్నాను.

"చాలా అంటే ఎంత మేడమ్? మీరే కదా క్లాసులో 'చాలా' అనేది అంకె కాదు అంటారు."

ఇంక హాల్లో నవ్వులే నవ్వులు. నేనూ నవ్వాను గానీ చెవులు వేడెక్కాయి. రేపు చెబుతానని చెప్పి మీటింగ్ ముగించాను.

ఆ రాత్రి కూర్చుని వెతికితే దొరికింది. 2008లో అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీకి చెందిన వెబర్, మాథ్యూస్ అనే ఇద్దరు తమ దేశంలో ఇళ్లవాళ్లు తినే తిండి మీద లెక్క కట్టారు. ఆ తిండి వల్ల వచ్చే, భూమిని వేడెక్కించే గ్రీన్‌హౌస్ వాయువుల్లో రవాణా మొత్తం కలిపినా 11 శాతం. పండించిన చోటి నుంచి అమ్మే చోటికి చేర్చే చివరి ప్రయాణానిది ఆ మొత్తం వాయువుల్లో 4 శాతమే. 83 శాతం అసలు పండించే దగ్గరే వస్తోంది. ఇంకో మాట కూడా రాశారు. తినేదంతా దగ్గర్లో పండినదే కొనుక్కోవడం కంటే, వారంలో ఒక్క రోజు తిండి కంటే కూడా తక్కువ మేరకు ఎర్ర మాంసం (మేక, గొడ్డు మాంసం లాంటివి), పాల పదార్థాలు మానేసి వేరేవి తింటే ఎక్కువ ఫలితం ఉంటుందట. అంటే నా పోస్టరు కింద రాసిన వాక్యం, లెక్కల ప్రకారం చూస్తే, పూర్తిగా నిలబడదు. మీసాలు వేసినవాడికి తెలియకుండానే న్యాయం జరిగింది.

మర్నాడు క్లాసులో చెప్పేశాను. నేను చెప్పింది తప్పు, లారీ వాటా నాలుగు శాతం అని. నిజం చెప్పాలంటే ఆ విషయం నొక్కేద్దామని ఒక పది నిమిషాలు అనిపించింది. ఆ అమ్మాయి పరీక్షల హడావుడిలో మర్చిపోతుందేమో కదా! నొక్కలేదు కాబట్టే తరవాతిదంతా జరిగింది. ఇరవై రెండేళ్లలో నా మాట విని పిల్లలు నిటారుగా కూర్చోవడం ఎప్పుడైనా చూశానా అంటే, నేను తప్పు ఒప్పుకున్న ఆ రోజే. ఆ సాయంత్రం పిలవకుండానే పద్నాలుగు మంది వచ్చారు. బిస్కెట్లు లేవు. వాళ్ల ప్రశ్న ఒక్కటే: "మరి దగ్గర్లో పండింది ఎందుకు తినాలి మేడమ్?"

నాకు తెలీదన్నాను. తెలుసుకుందాం అన్నాను. ఒక షరతు మాత్రం పెట్టాను. మెస్ స్టోర్ రూమ్ లిస్టులోంచి తలా ఒక వస్తువు తీసుకోవాలి. అది ఎక్కడ పండింది, ఎప్పుడు కోశారు, మనదాకా రావడానికి ఎంతమంది చేతులు మారింది అన్న మూడు సంగతులు తెలిసేదాకా ఎవరూ అభిప్రాయాలు చెప్పకూడదు. కుర్రాళ్లకి అభిప్రాయాలు చెప్పొద్దంటే ఎంత కష్టమో!

స్టోర్ కీపర్‌కి సరుకు తెచ్చే డీలరు పేరు తెలుసు. డీలరుకి మార్కెట్ యార్డు పేరు తెలుసు. ఆ తరవాత గోడే. ఉల్లిపాయల కుర్రాడు పద్దెనిమిది ఫోన్లు చేశాడు. చివరికి ఒకాయన "బాబూ, ఉల్లిపాయకి ఊరుంటుందా?" అని ఫోన్ పెట్టేశాడట. బంగాళాదుంప కోల్డ్ స్టోరేజీలో ఎన్ని నెలలు ఉందో ఎవరూ చెప్పలేకపోయారు. రోజూ తినేదాని గురించి మూడు చిన్న ప్రశ్నలకి జవాబులు దొరక్కపోతే ఎంత చిరాకేస్తుందో వాళ్ల మొహాల్లో చూశాను. భూమి వేడెక్కుతోందంటే రాని కోపం, ఈ ఉల్లిపాయ ఎక్కడిదో తెలియనందుకు వచ్చింది.

టమాటాల సంగతి తీసుకున్నది ఆ ప్రశ్న వేసిన అమ్మాయే. తను డీలర్ని వదిలేసి నేరుగా వంట మాస్టర్ దగ్గరికి వెళ్లింది. మా అందరికంటే తెలివైన పని. ఆయన చెప్పింది తన నోట్‌బుక్‌లో ఉన్నదున్నట్టు రాసుకుంది: "లారీ టమాటా రాయిలా ఉంటుంది తల్లీ. నాలుగు మెట్ల మీంచి పడేసినా ఏం కాదు. ఇక్కడి టమాటా చేత్తో నొక్కితే చితికిపోతుంది. కానీ పొయ్యి మీద వేస్తే ఇక్కడిది పది నిమిషాల్లో గుజ్జవుతుంది, లారీది అరగంటైనా తొక్కా ముక్కా విడిగానే ఉంటాయి."

"రుచిలో తేడా ఉంటుందా మాస్టర్?" అని అడిగితే, ఆయన "అదేం ప్రశ్న!" అన్నట్టు చూశారట.

ఇక్కడ నా సబ్జెక్టు పనికొచ్చింది. స్టాటిస్టిక్స్‌లో ప్రసిద్ధి చెందిన ఒక టీ కథ ఉంది. 1920లలో ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో మ్యూరియల్ బ్రిస్టల్ అనే శాస్త్రవేత్త, కప్పులో ముందు పాలు పోశారా, ముందు టీ పోశారా అన్నది రుచి చూసి చెప్పగలనంది. అక్కడే పనిచేస్తున్న గణాంక శాస్త్రవేత్త రొనాల్డ్ ఫిషర్, అయితే చూద్దామన్నాడు. అతను తరవాత రాసిన లెక్కలో ఎనిమిది కప్పులు, నాలుగు ఒక రకం, నాలుగు ఇంకో రకం. ఊరికే ఊహించి ఎనిమిదీ సరిగ్గా చెప్పే అవకాశం 70లో ఒక వంతు మాత్రమే. ఏటా ఈ కథ చెబుతాను, ఏటా పిల్లలు ఆవులిస్తారు. ఆధునిక గణాంక శాస్త్రంలో సగం పొలం గట్ల మీద పుట్టిందని, ఎరువు వేసిన మడికీ వెయ్యని మడికీ తేడా నిజమా కాకతాళీయమా అని తేల్చడానికి పుట్టిందని చెబితే నమ్మరు కూడా.

ఆ శనివారం మెస్‌లో ఎనిమిది గిన్నెలు పెట్టాం. నాలుగింట్లో స్టోర్ రూమ్ ఫ్రిజ్‌లోంచి తీసిన లారీ టమాటాలు, నాలుగింట్లో అంతకుముందు రోజు దగ్గరి తోటలో పండాక కోసినవి. రంగు చూసి చెప్పకుండా కళ్లకి గంతలు. "నాకు నాలుక మీద రాడార్ ఉంది" అని వారం రోజులు ఊదరగొట్టిన కుర్రాడు సగానికి సగం తప్పు చెప్పాడు. కూరగాయ అంటేనే పక్కన పెట్టే ఇంకో అబ్బాయికి ఎనిమిదిలో ఆరు సరిపోయాయి. చప్పట్లు కొట్టబోతుంటే నేను ఆపాల్సి వచ్చింది, ఎందుకంటే ఆరు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఊరికే తగిలే అవకాశం 70లో 17. అంటే దాదాపు నలుగురిలో ఒకరికి అదృష్టం కొద్దీ వచ్చేస్తుంది. టీచర్లం మేము ఇలాగే ఆనందాలు పాడుచేస్తుంటాం.

చివర్లో మాస్టర్ని పిలిచారు. ఆయన గంతలు కట్టించుకున్నారు గానీ నోట్లో పెట్టుకోలేదు. ఒక్కో గిన్నె ముక్కు దగ్గరికి తీసుకుని, ఇటు నాలుగు, అటు నాలుగు పెట్టేశారు. ఎనిమిదీ సరే.

అది వంటవాళ్ల చాదస్తం కాదని తరవాత చదివితే తెలిసింది. 2016లో ఫ్లోరిడా యూనివర్సిటీ పరిశోధకులు చూపించారు. టమాటాని 5 డిగ్రీల చలిలో వారం ఉంచితే దాని తీపి, పులుపు పెద్దగా మారవు గానీ, వాసననిచ్చే పదార్థాలు తగ్గిపోతాయి. వాటిని తయారుచేసే జన్యువులు చలికి పని తగ్గించేస్తాయి, బయట పెట్టినా మళ్లీ పూర్తిగా కోలుకోవు. మాస్టర్ ముక్కు పట్టుకున్నది సరిగ్గా దాన్నే. ఇంకో సంగతి కూడా ఉంది. కాయంతా ఒకే రంగులో సమంగా పండాలని కొన్ని దశాబ్దాలుగా ఎంపిక చేస్తూ వచ్చిన రకాల్లో, కాయలో చక్కెరలు పెరగడానికి సాయపడే ఒక జన్యువు పనిచేయకుండా పోయిందని 2012లో సైన్స్ పత్రికలో వచ్చింది. కంటికి బాగుండాలని చేసిన ఎంపిక నాలుకకి నష్టం తెచ్చింది.

ఇదంతా బోర్డు మీద రాసి ఉన్న సాయంత్రం ఆ అమ్మాయి ఒక మాటంది. ఈ రాత అంతా ఆ మాట కోసమే.

"మేడమ్, పొగలో లారీ వాటా నాలుగు శాతమే కావచ్చు. కానీ ఏ టమాటా పండించాలో నిర్ణయించేది లారీయే కదా."

దూరం వెళ్లేది దెబ్బ తగలకుండా ఉండాలి, అన్నీ ఒకే సైజులో ఉండాలి, పచ్చిగా కోసినా రంగు రావాలి. ఆ పరీక్షలో నెగ్గిన రకాలే మిగులుతాయి. మిగతావి విత్తనం కట్టే దిక్కు లేక పోతాయి. ఆ అమ్మాయి మాట విన్నాక ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2019లో ఇచ్చిన లెక్క చూస్తే నాకు వేరేగా కనిపించింది. మనుషులు తిండి కోసం సాగుచేసిన మొక్కలు 6 వేల రకాలకు పైనే. వాటిలో చెప్పుకోదగ్గంత పండేవి 200 కూడా లేవు. ప్రపంచం మొత్తం పంట దిగుబడిలో 66 శాతం తొమ్మిది పంటలదే. ఈ అంకెలు అంతకుముందు ఎక్కడో చదివే ఉంటాను. అప్పుడవి అంకెలు మాత్రమే.

అలాగని దగ్గరిదంతా మంచిదని తేల్చేయలేదు, అది కూడా పిల్లలే ఆపారు. చలి దేశంలో గాజు ఇంట్లో హీటర్లు పెట్టి పండించిన టమాటా కంటే, ఎండ కాసే దూరపు చోట ఆరుబయట పండి లారీలో వచ్చిన టమాటాయే తక్కువ పొగ వదలొచ్చు. ఓడలో వచ్చేదీ విమానంలో వచ్చేదీ ఒకటి కావు, విమానంది ఎన్నో రెట్లు ఎక్కువ. "దగ్గర" అనేది ఒక్కటే చూస్తే సరిపోదు. ఎలా పండింది, ఏ కాలంలో పండింది అన్నవి కూడా పక్కన పెట్టుకుని చూడాలి. ఈ గొడవంతా పోస్టరు మీద పట్టదు. పట్టదు కాబట్టే పిల్లలకి నచ్చిందేమో.

సరే, మాటలయ్యాయి, కొందాం అనుకున్నాం. అసలు కథ ఇక్కడ మొదలైంది. కాలేజీకి దగ్గర్లో ఆకుకూరలు, టమాటాలు పండించే ఒకాయన్ని పిల్లలు మీటింగ్‌కి తీసుకొచ్చారు. ఆయనకి చూపించడానికి పన్నెండు స్లైడ్లు తయారుచేసుకున్నారు. మొదటి స్లైడ్ మీద మళ్లీ భూగోళం. ఆయన దాని వంక మర్యాదగా చూసి అడిగారు:

"డబ్బులు ఎప్పుడిస్తారు బాబూ?"

ఎవరికీ తెలీదు. ఆఫీసుకి వెళ్లి కనుక్కుంటే, బిల్లు పెట్టాక మూడు సంతకాలు, ఆ తరవాత చెక్కు, మొత్తం నెలన్నర. పెద్ద డీలరుకి అది మామూలే, అతను నెలన్నర అప్పు మోయగలడు. మోసినందుకు ధరలో వేసుకోగలడు కూడా. రెండు మళ్లలో కూర పండించే మనిషికి ఇవాళ కోసినదాని డబ్బు రేపటి కూలికి కావాలి. అయినా ఆయన ఒప్పుకుని మూడు వారాలు తెచ్చారు. నాలుగో వారం రాలేదు. ఫోన్ చేస్తే, "మీ పిల్లలు మంచోళ్లమ్మా, మీ ఆఫీసుతోనే కుదరదు" అన్నారు. నాకు ఆయన మీద కోపం రాలేదు. సిగ్గేసింది.

దగ్గరి తిండి కాలేజీల్లోకి ఎందుకు రావడం లేదని ఎవరైనా అడిగితే నేనిప్పుడు వాతావరణం గురించి మాట్లాడను. బిల్లు ఎన్ని రోజులకి పాసవుతుందని అడుగుతాను. రోజూ ఒకే పరిమాణంలో కావాలంటారా, పంట ఎక్కువైన రోజు తీసుకుంటారా, ఒక సైజు తక్కువున్నా ఒప్పుకుంటారా అని అడుగుతాను. పంటకి మన అకడమిక్ క్యాలెండర్ తెలీదు. మా సెలవులు మొదలైన వారమే ఆయన తోట విరగకాసింది. ఆ వారం మెస్‌కి తాళం.

పిల్లలు ఊరుకోలేదు. స్లైడ్లు పక్కన పడేసి ఒక్క పేజీ అర్జీ రాశారు. అందులో భూమి, పర్యావరణం అన్న మాటలు ఒక్కసారి కూడా లేవు. చిన్న కొనుగోళ్లకి పెట్టీ క్యాష్‌లోంచి, అంటే చిల్లర ఖర్చులకని ఆఫీసులో ఉంచే డబ్బులోంచి, వారం లోపల ఇవ్వాలి, అంతే. ఆఫీసులో అకౌంట్స్ చూసే పెద్దాయన ఒప్పుకోలేదు. పిల్లలు ఆయన్ని విలన్‌ని చేసేశారు గానీ, వెళ్లి కూర్చుని మాట్లాడితే ఆయన కారణం ఆయనకుంది. ఎప్పుడో ఇలాగే చిన్న బిల్లులు వదిలేస్తే దొంగ బిల్లులు వచ్చాయట, ఆడిట్‌లో మాట పడింది ఆయనే. "సరుకు వచ్చినట్టు ఎవరు చూశారు? ఎవరు తూచారు?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే.

"మేం తూస్తాం సార్" అన్నారు పిల్లలు.

పొద్దున్న ఆరింటికి కూరలొస్తాయి. ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకున్నారు. కాటా ముందు నిలబడి తూకం రాసి సంతకం పెట్టాలి. తొమ్మిదింటి క్లాసుకి రాలేని మహానుభావులు ఆరింటికి స్టోర్ రూమ్ గుమ్మంలో దుప్పటి కప్పుకుని నిలబడి ఉండటం చూసి వార్డెన్‌కి అనుమానమొచ్చి నాకు ఫోన్ చేశారు. ఒక సెమిస్టర్ పట్టింది గానీ పని జరిగింది. రెండింటికే, ఆకుకూరలకీ టమాటాలకీ. మిగతాదంతా ఇప్పటికీ డీలరు దగ్గరి నుంచే. మా మెస్ మొత్తం మారిపోయిందని ఎవరైనా చెబితే నమ్మకండి.

పొద్దున్నే తూచినవాళ్లు మధ్యాహ్నం కంచంలో వదిలేయడం తగ్గించారు. ఎవరూ చెప్పలేదు. ఆకుకూర కట్టల మీద మంచు తడి చూసినవాడికి, వేళ్లకి మట్టి అంటినవాడికి, అది బకెట్లోకి జారుతుంటే ఎక్కడో గుచ్చుకుంటుంది కాబోలు. ఆ తరవాత బకెట్‌ని కూడా తూచడం మొదలుపెట్టారు. అంకె ఇక్కడ రాయను, వార్డెన్‌కి మాటిచ్చాను. కానీ మా ఒక్కళ్ల సంగతే కాదది. 2022లో ప్రపంచం మొత్తం మీద ఇళ్లలో, హోటళ్లు, మెస్‌లలో, దుకాణాల్లో కలిపి 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయిందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం లెక్క కట్టింది. అందులో వండి వడ్డించే చోట్ల వాటా 28 శాతం. మా దగ్గర చేసిన మార్పు ఒక్కటే, మొదటి వడ్డన సగం గరిటె. కావాలంటే మళ్లీ అడగొచ్చు, ఎన్నిసార్లైనా. అడగడానికి బద్ధకం, అదే మా ఆయుధం.

ఇబ్బందులు లేవనుకోకండి. పంట పోటెత్తినప్పుడు వరసగా తొమ్మిది రోజులు ఒకే ఆకుకూర పెట్టాల్సి వచ్చింది. ఫిర్యాదుల పుస్తకంలో ఏడో రోజు రాసిన అందరికంటే ఘాటైన ఫిర్యాదు కింద సంతకం చూస్తే, అర్జీ రాసిన కుర్రాడిదే. "కాలానికి తగ్గట్టు తినాలని ఒప్పుకుంటున్నాను, కానీ కాలం మరీ పొడుగ్గా ఉంది" అని రాశాడు. దాచుకున్నాను ఆ పేజీ.

బోర్డు మీద "ఈ రోజు ఆరోగ్యకరమైన కూర" అని రాసే అలవాటు మాన్పించింది కూడా వాళ్లే. 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు అక్కడి ఒక పెద్ద యూనివర్సిటీ క్యాంటీన్‌లో చేసిన ప్రయోగం ఒకటి పట్టుకొచ్చారు. అదే కూరకి అదే వంటతో, పేరు మాత్రం నోరూరేలా పెడితే, మామూలు పేరు పెట్టిన రోజులకంటే 25 శాతం ఎక్కువ మంది పెట్టించుకున్నారు. ఆరోగ్యం కోసం అది లేదు ఇది లేదు అని పేరు పెట్టిన రోజులతో పోలిస్తే 41 శాతం ఎక్కువ. మాస్టర్‌నే పేర్లు పెట్టమన్నాం. ఆయన పేర్లలో సగం అతిశయోక్తి. తినేవాళ్లకి అభ్యంతరం లేదు.

మిగతా కాలేజీల్లో పనిచేసే స్నేహితులు అప్పుడప్పుడూ ఫోన్ చేసి, మా పిల్లల్లో కూడా ఆసక్తి ఎలా పుట్టించాలి, ఒక ఉపన్యాసం ఇవ్వడానికి రాగలవా అంటారు. నేను వెళ్లను. ప్రతిజ్ఞ చేయించడాలు, వ్యాసరచన పోటీలు, బ్యాడ్జీలు వద్దంటాను. వాటివల్ల ఫొటోలు వస్తాయి. క్లాసులో చర్చ పెట్టండి, అంకెలు మీ వైపు లేకపోయినా దాచకండి అంటాను. కాలిఫోర్నియా యూనివర్సిటీలో ఫిలాసఫీవాళ్లు ఇలాంటిది కొలిచి చూశారు. మాంసం తినడంలోని నీతి గురించి ఒక వ్యాసం చదివించి, ఒక్క క్లాసు చర్చ పెడితే, ఆ విద్యార్థుల క్యాంటీన్ బిల్లుల్లో మాంసం ఉన్నవి 52 శాతం నుంచి 45కి తగ్గాయి. వేరే విషయం చర్చించినవాళ్లవి 52లోనే ఉండిపోయాయి. నీతి బోధ వల్ల ఎవరూ మారరని నమ్మిన ప్రొఫెసర్ కూడా ఆ పరిశోధనలో ఉన్నారు. అంకెలు చూసి ఆశ్చర్యపోయిన టీచర్ని నేనొక్కదాన్నే కాదన్నమాట.

ఆ అమ్మాయి చదువైపోయి వెళ్లిపోయింది. తిండికీ తన ఉద్యోగానికీ ఏ సంబంధమూ లేదు. 2022లో ఒక రాత్రి మెసేజ్ పెట్టింది, కింద ఒక పరిశోధన లింకు. సిడ్నీ యూనివర్సిటీవాళ్లు నేచర్ ఫుడ్ పత్రికలో రాసింది. ప్రపంచ ఆహార వ్యవస్థ వదిలే వాయువుల్లో రవాణా వాటా దాదాపు 19 శాతమని వాళ్ల లెక్క. పైన ఒకే వాక్యం రాసింది: "మేడమ్, మీ నాలుగు తప్పు కాదు, కానీ ఎక్కడ ఆపారో చూడండి."

చూశాను. పాత లెక్క ఒక్క దేశం ఇళ్లవాళ్ల తిండిది. అందులో నేను పట్టుకున్నది చివరి ప్రయాణం. కొత్తది ప్రపంచం మొత్తానిది, ఎరువులూ యంత్రాలూ దాణా పొలానికి చేరడానికి అయ్యే రవాణా కూడా కలుపుకుంది. గీత ఎక్కడ గీస్తామన్న దాన్నిబట్టి అంకె మారుతుంది. సెమిస్టర్‌కి ఆరుసార్లు నేను పిల్లలకి చెప్పేదే ఇది, ఈసారి నేనే చెప్పించుకున్నాను.

ఇప్పుడు ఏటా మొదటి క్లాసులో బోర్డుకి ఒక పక్క 4, ఇంకో పక్క 19 రాస్తాను. రెండూ ఒకే ప్రశ్నకి జవాబులే, ఎలా అని అడుగుతాను. ఈ ఏడాది కాసేపు గోల అయ్యాక, ముందు బెంచీలోని కొత్త కుర్రాడు చెయ్యెత్తాడు.

"మేడమ్, మరి మన స్టోర్ రూమ్ ఫ్రిజ్ వాటా ఎంత?"

క్లాసు అయ్యాక వాడికి స్టోర్ రూమ్ తాళంచెవి ఇప్పించి, కరెంటు మీటరు ఎక్కడుందో చూపించాను.